బీపీ 300... అయినా నార్మలే!

మనిషికి బీపీ 300 ఉందంటే కంగారుపడి అంబులెన్సుకు ఫోన్ చేస్తాం. టూ స్ట్రోక్ ఇంజిన్ సంగతి వేరు. దానికి 300 ఎక్కించాలి... ఆరు నిమిషాలు చూడాలి... ముల్లు నిలబడితే ఆరోగ్యంగా ఉన్నట్టు. దిగిపోతోందంటే మాత్రం బండికే కాదు, నడిపేవాళ్లకీ గండం పొంచి ఉన్నట్టే!

గుంటూరులో ఓ సందు చివర రేకుల షెడ్డు. మధ్యలో స్టాండ్ వేసిన ఆర్ఎక్స్ 100. ట్యాంకు తీసేశారు. సైలెన్సర్ ఊడదీసి గోడకు ఆనించారు. కార్బురేటర్ ఓ పళ్లెంలో ఉంది. పక్కనే స్టూలు మీద మా బాబాయి... చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న మనిషిలా! కాస్త దూరంగా గుమ్మం దగ్గర, ఫోన్లోకి చూస్తున్నట్టు నటిస్తూ మా తమ్ముడు. అంటే బాబాయి కొడుకు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయి అప్పటికి ఏడాది దాటింది. కారణం ఆ బండే.

మేస్త్రి అలమరలోంచి ఓ గుడ్డసంచి తీశాడు. స్పానర్లు వస్తాయనుకున్నా. బీపీ మిషన్ వచ్చింది! నల్లటి రబ్బరు బంతి, గుండ్రటి డయలు, సన్నటి గొట్టాలు. చేతికి చుట్టే పట్టీ మాత్రం లేదు. దాని స్థానంలో సైకిల్ ట్యూబు వాల్వు బిగించిన రబ్బరు బిరడా ఒకటి వేలాడుతోంది.

''ముందు పేషెంటుకి బీపీ చూద్దాం మాస్టారూ'' అన్నాడు మేస్త్రి.

బాబాయి నవ్వలేదు.

మూడుసార్లు జామ్!

బాబాయికి టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది, 1992లో కొన్న బండి అది. పెళ్లిచూపులకు వెళ్లిందీ, తమ్ముడు పుట్టాడని కబురందగానే ఆసుపత్రికి పరుగెత్తిందీ దాని మీదే. కారు వచ్చాక మెట్ల కిందికి చేరి పన్నెండేళ్లు దుమ్ము తింది. 2018లో 'ఆర్ఎక్స్ 100' పేరుతో ఏకంగా సినిమానే వచ్చింది కదా... ఆ తర్వాత కుర్రాళ్లలో ఈ బండి మీద మోజు మరీ పెరిగింది. మంచి కండిషన్లో ఉన్నది లక్ష దాటి పలుకుతున్న సందర్భాలూ ఉన్నాయి. 'అమ్మేది లేదు, బాగుచేయిద్దాం' అన్నాడు తమ్ముడు. బాబాయి మురిసిపోయాడు. ఇంజిన్ విప్పించి కొత్త రింగులు, కొత్త ఆయిల్ సీళ్లు, కొత్త ప్యాకింగులు వేయించారు. రంగులేయించారు. రీరిజిస్ట్రేషన్ తతంగమూ పూర్తిచేశారు.

ఇరవై రోజులు తిరగకుండానే ఇంజిన్ జామ్. 'సర్లే, కొత్త రింగులు కదా, పట్టేసి ఉంటుంది' అనుకుని బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేయించారు.

రెండోసారి జామ్ అయినప్పుడు బండి మీద తమ్ముడున్నాడు. తెనాలి శివార్లలో, మంచి వేగంలో. వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. చక్రం తిరగనప్పుడు బండి మన మాట వినదు. జారిపడ్డాడు. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది, భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. బాబాయి ఆసుపత్రి బయటే తీర్పు చెప్పేశాడు. ''పీకుడే పీకుడు! ఇంజిన్ని చంపేస్తే అది నిన్ను వదుల్తుందా?'' అని. తాళాలు ఆయన బీరువాలోకి వెళ్లిపోయాయి. తమ్ముడు రెండుసార్లు చెప్పిచూశాడు... యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ గోల తగ్గడం లేదు నాన్నా అని. ఆయన వినలేదు. ఆపైన వాడు చెప్పడం మానేశాడు.

మూడోసారి నడుపుతున్నది స్వయానా బాబాయే. వేగం నలభై. వెనక పిన్ని కూర్చుని ఉంది. పాత టూ స్ట్రోక్ బళ్లు నడిపినవాళ్లకు క్లచ్ మీద రెండు వేళ్లు ఉంచుకోవడం అలవాటు. ఇంజిన్ బిగుస్తోందని తెలియగానే క్లచ్ పట్టేస్తే చక్రం విడిపోతుంది, బండి నెమ్మదిగా పక్కకు దొర్లుతుంది. ఆ రెండు వేళ్లే ఇద్దరినీ కాపాడాయి. ఇంటికొచ్చాక పిన్ని ఒకే ఒక్క మాట అంది. ''నలభైలో కూడా పీకుడేనా?''

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే గుంటూరు వచ్చాం.

ఇంకో సంగతి కూడా తరుముతోంది. ఆర్ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు. జామ్ అయిన ప్రతిసారీ గీతలుపడ్డ బోరును లేత్ షాపులో కాస్త పెద్దది చేయించాలి. పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు సైజుల పిస్టన్లు దొరుకుతాయి. మా బండికి అప్పటికే మూడు అయిపోయాయి. మిగిలింది ఒక్క ఛాన్సు. అదీ పోతే కొత్త స్లీవు వేయించడమే.

పైన పేలుడు... కింద పంపు

ఇంతకీ ఇంజిన్‌కీ బీపీకీ ఏమిటి సంబంధం? తెలియాలంటే పిస్టన్ కిందికి తొంగిచూడాలి.

ఇప్పుడు మనం నడుపుతున్న ఫోర్ స్ట్రోక్ బళ్లలో పిస్టన్ కింద ఉండేది ఇంజిన్ ఆయిల్. గాలీ పెట్రోలూ పైనున్న వాల్వుల్లోంచి లోపలికి వెళ్తాయి. టూ స్ట్రోక్‌లో అలా కాదు. పిస్టన్ కింద, క్రాంకు తిరిగే చోట ఖాళీ గది ఉంటుంది. మేస్త్రీల భాషలో ఛాంబరు. పిస్టన్ పైకి వెళ్తున్నప్పుడు ఆ గదిలో శూన్యం ఏర్పడి, కార్బురేటర్ నుంచి గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాక్కుంటుంది. కిందికి దిగుతున్నప్పుడు అదే మిశ్రమాన్ని నొక్కి, పక్క దారుల గుండా పైకి పంపిస్తుంది. పైన పేలుడు, కింద పంపు... రెండు పనులూ ఒక్క పిస్టనే చేస్తుంది. ఇంగ్లండ్‌లోని బాత్ నగరానికి చెందిన జోసెఫ్ డే 1890ల మొదట్లో పేటెంట్ చేసిన ఆలోచన ఇది. ఆర్ఎక్స్ 100 అయినా, యెజ్డీ అయినా, పాత స్కూటరైనా ఆ కిటుకు మీదే నడిచాయి.

పంపు పనిచేయాలంటే గది గాలి చొరబడకుండా ఉండాలి. మా బండి ఇంజిన్ గరిష్ఠ శక్తి, అంటే 11 హార్స్‌పవర్, ఇచ్చేది నిమిషానికి 7500 చుట్ల దగ్గర. సెకనుకు 125 చుట్లు! ప్రతి చుట్టులో ఓసారి లాగుడు, ఓసారి నొక్కుడు. క్రాంకు రెండు చివర్లా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఆ లాగుడినీ నొక్కుడినీ సెకనుకు 125 సార్లు తట్టుకోవాలి. ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉందా... లాగిన ప్రతిసారీ బయటి గాలి దొంగతనంగా లోపలికి వచ్చేస్తుంది.

'గాలే కదా, వస్తే ఏమైంది?' అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. కార్బురేటర్ గుండా వచ్చే గాలికి లెక్క ప్రకారం పెట్రోలు కలుస్తుంది. దొంగదారిన వచ్చిన గాలికి కలవదు. మిశ్రమం పలచబడుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌ని లోపలినుంచి చల్లబరిచేది ఆ పెట్రోలు మిశ్రమమే కాబట్టి అది తగ్గితే వేడి పెరుగుతుంది. యెజ్డీలా పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే బళ్లలో మరీ ప్రమాదం. వాటిలో పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే.

పిస్టనేమో అల్యూమినియం. అది తిరుగాడే బోరు ఇనుము. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెంటి మధ్యా ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. పిస్టన్ ఉబ్బి ఆ సందును మింగేసిన క్షణమే... జామ్! ఒక్కోసారి అంతదాకా కూడా రాదు, పిస్టన్ నడినెత్తినే కరిగి చిల్లు పడుతుంది.

నిజానికి ఇంజిన్ ముందే మొరపెట్టుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలేసినా చప్పుడు వెంటనే దిగదు, కాసేపు హోరెత్తుతూనే ఉంటుంది. ప్లగ్గు విప్పి చూస్తే గోధుమ రంగులో కాకుండా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నటి టకటకలు వినిపిస్తాయి. చాలాచోట్ల ఈ మొరకు దొరికే వైద్యం ఏమిటంటే... ఐడ్లింగ్ స్క్రూ కాస్త తగ్గించడం, లేదా కార్బురేటర్‌లో పెద్ద జెట్టు వేయడం. జ్వరమొస్తే థర్మామీటర్ పగలగొట్టడం లాంటి వైద్యం అన్నమాట. మా బండికి ఆ రెండూ జరిగాయి. పెట్రోలు బంకు వాణ్ని తిట్టడమూ జరిగింది.

తమ్ముడు చెప్పిన 'గోల తగ్గడం లేదు నాన్నా' అన్న మాట మేస్త్రి చెవిన పడింది చూడండి, ఆయన చేతిలోని స్పానర్ ఆగిపోయింది. వాడికేసి తిరిగి ''ఎప్పట్నుంచి?'' అని అడిగాడు. ఆ ప్రశ్న వాణ్ని అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఆరు పౌండ్లు... ఆరు నిమిషాలు

పరీక్ష చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఇంజిన్‌కి ఉన్న దారులన్నీ మూసేయాలి. కొద్దిగా గాలి ఎక్కించాలి. ఆ గాలి ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ట్యూబు పంక్చరు వెతికినట్టే. కానీ ప్రతి అడుగులో ఓ మెలిక ఉంది.

సైలెన్సర్ బిగించే రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద రేకు బిళ్ల పెట్టి బిగించాడు మేస్త్రి. (యెజ్డీ 250 అయితే ఇలాంటివి రెండు కావాలి, దానికి సైలెన్సర్లు రెండు కదా!) రెండోది, కార్బురేటర్ తగిలించే రబ్బరు మూతి. అందులో వాల్వు ఉన్న బిరడా దూర్చి క్లిప్పు బిగించాడు. గాలి సైలెన్సర్ వైపు నుంచి ఎక్కించొచ్చుగా అని అడిగా. కుదరదన్నాడు. ఆర్ఎక్స్ 100లో కార్బురేటర్‌కీ ఛాంబరుకీ మధ్య రీడ్ వాల్వు ఉంటుంది. సన్నటి రేకుల తలుపులు. లోపలికి తెరుచుకుంటాయి, బయటికి తెరుచుకోవు. అటునుంచి గాలి ఎక్కిస్తే ఆ తలుపులు మూసుకుపోయి, వాటికి ఇవతలున్న రబ్బరు మూతికి పరీక్షే జరగదు. చిల్లు సరిగ్గా అక్కడే ఉంటే? అందుకే గాలి ఎప్పుడూ కార్బురేటర్ వైపు నుంచే.

ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్నటి గొట్టాన్నీ బిగించాడు. తర్వాత క్రాంకు తిప్పి పిస్టన్‌ని అట్టడుగుకు తెచ్చాడు. అప్పుడే పక్క దారులన్నీ తెరుచుకుని, కింది ఛాంబరు నుంచి పైన హెడ్డు దాకా మొత్తం ఒకే గది అవుతుంది. ప్లగ్గు తీయలేదు. దాని వాషర్ దగ్గర కూడా లీకు ఉండొచ్చు మరి.

ఇక రబ్బరు బంతి నొక్కడమే.

బీపీ మిషన్ ఎందుకంటారా? ఈ పరీక్షకు మెకానిక్కుల లోకంలో ఓ వాడుక లెక్క ఉంది... ఆరు పౌండ్లు, ఆరు నిమిషాలు. అంటే ఆరు పీఎస్ఐ ఒత్తిడి ఆరు నిమిషాలు నిలవాలి. బీపీ డయలు చివరి అంకె 300 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని పీఎస్ఐలోకి మార్చి చూడండి... 5.8! డాక్టరు కోసం చేసిన పరికరం కొలత ఆగేచోటే మేస్త్రికి కావలసిన అంకె ఉంది. పైగా బంతితో ఎంత నొక్కినా హద్దు దాటిపోయే భయం తక్కువ.

ఆ హద్దు ముఖ్యం. పంక్చర్ షాపు కంప్రెసర్ పెట్టి 'బుస్'మని కొడితే పని త్వరగా అయిపోతుందని కొందరి తెలివి. ఆరు పీఎస్ఐ అంటే బండి టైర్లో ఉండే గాలిలో నాలుగో వంతు కూడా కాదు. కంప్రెసర్ గాలికి బాగున్న ఆయిల్ సీళ్లు కూడా చోటు తప్పి బయటికి వచ్చేస్తాయి. లేని జబ్బు తెచ్చుకున్నట్టు!

ముల్లు 300 దగ్గర ఆగింది. మేస్త్రి గోడ గడియారం వైపు చూశాడు. అందరం చూశాం. ముల్లు కదిలింది... 280... 250... నిమిషం గడిచేసరికి 180.

''ఇదిగో మాస్టారూ'' అన్నాడు మేస్త్రి. అంతే. బాబాయి స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

ఆయన ముందు అనుమానించింది తన సామగ్రినే. బిరడాకీ, రేకు బిళ్లకీ, గొట్టాల అతుకులకీ సబ్బునీళ్లు రాశాడు. బుడగల్లేవు. ఆ తర్వాతే ఇంజిన్ మీదికి కుంచె వెళ్లింది. హెడ్డు చుట్టూ... లేదు. బోరు కింది ప్యాకింగు... లేదు. ఛాంబరు రెండు ముక్కలూ కలిసే అతుకు... లేదు. రబ్బరు మూతి దగ్గర, రబ్బరు ఇనుపబిళ్లకు అంటుకునే చోట, ఆవగింజంత బుడగలు వరసగా! మామూలుగా చూస్తే ఏమీ కనపడదు. వేలితో కాస్త వంచితే సన్నటి చీలిక నోరు తెరిచింది.

హమ్మయ్య, దొరికిందనుకున్నా. నాలాంటివాళ్లు ఆగిపోయేది ఇక్కడే! కొత్త మూతి వేసి మళ్లీ 300 ఎక్కించాడు మేస్త్రి. ఈసారి నిమిషానికి 230. నయం. కానీ ఇంకా దిగుతోంది.

సీలు కొత్తదే... కానీ!

గేరు ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రానికి సబ్బునీటి పొర పట్టించాడు. క్లచ్ వైపు సీలు పోతే ఛాంబరులోని గాలి గేర్ బాక్సులోకి వెళ్లి ఇక్కడ బుడగై ఉబ్బుతుందట. ఆ వైపు సీలు పాడైతే బండి లక్షణాలు వేరుగా ఉంటాయి. గాలికి బదులు గేరు ఆయిల్‌ని లోపలికి లాక్కుని తెల్లటి పొగ కక్కుతుంది. 'రింగులు పోయాయి' అనుకుని బోరు విప్పేస్తుంటారు చాలామంది. రింగుల తప్పేమీ ఉండదు పాపం. మా బండికి ఆ పొర చెక్కుచెదరలేదు.

ఇక మిగిలింది ఎడమవైపు, మ్యాగ్నెట్ వెనకాల సీలు. ''అది కొత్తదండీ, పని చేయించినప్పుడు దగ్గరుండి వేయించా'' అన్నాడు బాబాయి. మేస్త్రి సమాధానం చెప్పకుండా పుల్లర్‌తో మ్యాగ్నెట్ లాగి, కాయిల్ ప్లేటు విప్పి, టార్చి పెట్టాడు. కుంచెతో నాలుగు చుక్కల సబ్బునీళ్లు వదిలాడు.

నురగ పొంగింది. చిన్న చప్పుడు కూడా వినిపించింది, పాలు పొంగబోయే ముందు వచ్చే చప్పుడులా.

సీలు బయటికి తీసి బాబాయి అరచేతిలో పెట్టాడు. కొత్తదే. రబ్బరు మెత్తగానే ఉంది. లోపలి అంచు మీద గోరుతో తడిమితే మాత్రం ఒకచోట తగిలింది. చిన్న కోత. క్రాంకు ఆ కొసన మ్యాగ్నెట్‌ని కదలకుండా పట్టి ఉంచే 'కీ' కోసం గాడి ఉంటుంది. గాడి అంచులు పదును. సీలును గ్రీజు రాయకుండా, గాడి మీద కాగితమో టేపో చుట్టకుండా నేరుగా తోసేస్తే రబ్బరు అంచు తెగుతుంది. రెండు నిమిషాల తొందర! ఎవరు వేశారని మేస్త్రి అడగలేదు, మేమూ చెప్పలేదు.

అంటే ఇంజిన్ బాగుచేయించిన రోజునే జబ్బు లోపలికి వెళ్లింది. బోరు కొట్టించిన మూడుసార్లూ జామ్ అయిన పిస్టన్‌నే మార్చారు తప్ప, జామ్ ఎందుకైందో చూడలేదు. 'సీళ్లన్నీ కొత్తవే' అన్న ధీమాతో ఎవరూ అటువైపే వెళ్లలేదు. పరీక్షకు పట్టిన సమయం, టీ తాగడంతో కలిపి, రెండు గంటలు. ఇంజిన్ బిగించేముందు ఓసారి బంతి నొక్కి ఉంటే తమ్ముడి భుజం విరిగేది కాదు. ఇది నా లెక్క. మేస్త్రి అలా అనలేదు, ఆయన మర్యాదస్తుడు.

కొత్త సీలు... ఈసారి గాడి చుట్టూ టేపు, అంచుకు గ్రీజు. 300 ఎక్కించాడు. నిమిషం... రెండు... ముల్లు నిద్రపోతున్నట్టుంది. ఆరు నిమిషాలయ్యాక 290. ''నార్మల్'' అన్నాడు మేస్త్రి.

గాలి నింపి చూడటంతోనే సరిపోదనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజముంది. ఒత్తిడి పెట్టినప్పుడు సీలు అంచు క్రాంకుకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. లాగినప్పుడే కొన్ని సీళ్ల అసలు రంగు బయటపడుతుంది. టూ స్ట్రోక్ చెట్లు కోసే రంపాల కంపెనీలు తమ సర్వీసు పుస్తకాల్లో రెండు పరీక్షలూ చేయమంటాయి, గాలి నింపి ఓసారి, గాలి లాగేసి ఓసారి. మా మేస్త్రి దగ్గర లాగే పంపు కూడా ఉంది. అదీ అయ్యాకే మ్యాగ్నెట్ బిగించాడు. అలాగని ఈ పరీక్ష సర్వరోగ నివారిణి కాదు. ఆయిల్ పంపు తక్కువ పోస్తున్నా, టైమింగ్ తప్పినా, జెట్టులో నలక పడినా ఇంజిన్ జామ్ అవుతుంది. వాటి సంగతి బీపీ మిషన్‌కి తెలియదు.

బళ్లు పోయాయి... జబ్బు పోలేదు

2000 సంవత్సరంలో వచ్చిన కాలుష్య నిబంధనలు టూ స్ట్రోక్ మోటార్‌సైకిళ్లకు చివరి ఘంటికలు మోగించాయి. అంతకుముందే 1996లో ఆర్ఎక్స్ 100 తయారీ ఆగింది. మైసూరు యెజ్డీ ఫ్యాక్టరీ మూతపడిందీ అదే ఏడాది. రాజ్‌దూత్ మరికొన్నేళ్లు లాక్కొచ్చింది. కాలని పెట్రోలులో కొంత సైలెన్సర్లోంచి నేరుగా బయటికి పోవడం ఈ ఇంజిన్ పుట్టుమచ్చ. దాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఉన్న బళ్లు ఉన్నాయి. ఎన్ని మెట్ల కింద, ఎన్ని గోనెపట్టాల కింద నిద్రపోతున్నాయో! వాటిని లేపేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది, ఏళ్ల తరబడి కదలని రబ్బరు సీలు గట్టిపడిపోతుందని. బండి స్టార్ట్ అయింది కదా అని రోడ్డెక్కితే మా ఇంటి కథే.

దీనికితోడు ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. కంప్యూటర్ ఉన్న కొత్త బళ్లు లెక్క సరిచేసుకుంటాయి, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. మిశ్రమం మామూలుగానే కాస్త పలచబడుతుంది. ఆపైన గాలి లీకు కూడా కలిసిందంటే ఇంజిన్ తట్టుకునే వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. పాత రబ్బరుకు ఇథనాల్ పడదు కూడా.

అన్నట్టు, టూ స్ట్రోక్ పూర్తిగా కనుమరుగైందనుకుంటే పొరపాటు. మిరప చేలో వీపుకు తగిలించుకుని మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లలో ఎన్నో నడిచేది ఈ ఇంజిన్ మీదే. గడ్డి కోసే యంత్రాల్లోనూ అదే. మేం ఉండగానే ఓ రైతు స్ప్రేయర్ పట్టుకొచ్చాడు. వేడెక్కితే ఆగిపోతోందట. మేస్త్రి దానికి సరిపడే చిన్న బిరడా వెతుక్కుంటూ లోపలికి వెళ్లాడు.

సాయంత్రం ఆరవుతుండగా మా బండికి కిక్కు కొట్టాడు. రెండో కిక్కుకే అందుకుంది. యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు. చప్పుడు లేచింది... ఠక్కున దిగిపోయింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ దిగింది. తమ్ముడు గుమ్మం దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వచ్చాడు, ఫోన్ జేబులో పెట్టుకుని.

తెనాలి తిరుగు ప్రయాణం కార్లో బాబాయీ నేనూ. బండి మీద ఎవరు రావాలన్న చర్చే రాలేదు. బాబాయి జేబులోంచి తాళాలు తీసి ''కొత్త పిస్టను, నలభై దాటకు'' అన్నాడంతే. దారిపొడవునా కారు అద్దంలోంచి వెనకొచ్చే హెడ్‌లైటునే చూస్తూ కూర్చున్నాడు. తెగిన సీలు ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఇప్పుడది వాళ్లింట్లో టీవీ మీద ఉంటుంది.

మొన్న సంక్రాంతికి వెళ్తే బాబాయి మందుల షాపులో డయలున్న బీపీ మిషన్ కొని తెచ్చుకున్నాడు. పిన్నికి ఎటూ బీపీ ఉంది, చూసుకోవచ్చు కదా అన్నది ఆయన వాదన. దానికి పట్టీ లేదేమిటని పిన్ని నన్ను అడిగింది. నేను బండి కోసం వీధిలోకి చూశా. లేదు. తమ్ముడు వేసుకెళ్లాడట.